బాత్రూం బూజు: ఏ తడికి ఆ మందు

వర్షాకాలం వెళ్ళగానే పెయింట్ దుకాణాల్లో తరచూ వినబడే ప్రశ్న ఒకటుంది: ‘బాత్రూం సీలింగు మీద నల్లమచ్చలు పోవాలంటే ఏం వేయాలి?’ జవాబు అరలో సిద్ధంగానే ఉంటుంది. యాంటీఫంగల్ పెయింటు డబ్బా ఒకటి, ప్రైమర్ ఒకటి, కొనేవాడు మెత్తగా కనిపిస్తే వాటర్‌ప్రూఫ్ కోటింగు కూడా. రంగు వేయించాక కొన్ని నెలలు గది తెల్లగా మెరుస్తుంది. మళ్ళీ వానలు పడేసరికి మచ్చలు అదే మూలన, దాదాపు అదే ఆకారంలో తేలుతాయి. పెయింటు కంపెనీని తిట్టి లాభం లేదు. అడగాల్సింది మచ్చకు ఏం వేయాలని కాదు, ఆ మూలకు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని.

బూజు పెరగాలంటే సిద్ధబీజం, తిండి, వెచ్చదనం, తడి ఉండాలి. సిద్ధబీజాలు మనం పీల్చే గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. తిండి విషయంలో దానికి పెద్ద పట్టింపుల్లేవు. గోడ మీద ఎండిన సబ్బు పొర, ఒంటి మీంచి రాలిన పొట్టు, పెయింటులోని బంక, తలుపు చెక్క, ఏదైనా చాలు. వెచ్చదనం మన దగ్గర ఏడాది పొడవునా ఉచితం. మన చేతిలో మిగిలింది తడి ఒక్కటే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇళ్ళకు చెప్పే సూత్రాలు రెండు. ఇంట్లో గాలి తేమ 60 శాతం దాటకూడదు, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉండాలి. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే చాలావరకు బూజు పట్టదు. ఇందులో రెండోది మనకు నూటికి నూరుపాళ్ళూ పనికొస్తుంది. మొదటిది మాత్రం ఆగస్టులో కాకినాడలో ఉన్నవాళ్ళకు చెప్తే నవ్వుతారు. అక్కడ వీధిలో గాలే 80 శాతం తేమతో ఉంటుంది.

బాత్రూంలో తడి మూడు రకాలు. వేణ్ణీళ్ళ నుంచి లేచి గోడలకూ సీలింగుకూ పట్టే ఆవిరి ఒకటి. స్నానం అయ్యాక నేల మీద, టైల్స్ మీద నిలిచే నీళ్ళు రెండోది. గోడ లోపల, గచ్చు కింద కనబడకుండా నడిచే చెమ్మ మూడోది. ఈ విషయం మీద దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్ళు రాసినవే. అవన్నీ మొదటి తడి చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే వాళ్ళ ఇళ్ళలో బాధ అదే. మన ఇళ్ళలో పెద్ద దొంగలు రెండోదీ మూడోదీనూ. ఆవిరికి చెప్పిన మందును చెమ్మకు వాడి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మార్చీ మార్చీ విసిగిపోయిన వాళ్ళు నాకు చాలామంది తెలుసు.

బూజులా కనిపించేవి

ముందు శత్రువెవరో తేల్చుకోవాలి. షవర్ తల చుట్టూ, బకెట్ అంచు మీద, సబ్బుపెట్టె అడుగున గులాబీ రంగులో తేలే జిడ్డు అసలు బూజే కాదు, బ్యాక్టీరియా. చాలాసార్లు అది సెరాషియా మార్సెసెన్స్ అనే రకం. సబ్బు, షాంపూల అవశేషాల మీద బతుకుతుంది. రుద్ది కడిగి, ఆరబెడితే పోతుంది. గోడ అడుగుభాగాన రంగును పైకి నెట్టుకుంటూ తెల్లగా పూసేది ఉప్పు. ఇటుకలోంచి, సిమెంటులోంచి నీళ్ళు పైకి వచ్చి ఆవిరవుతూ తమతో తెచ్చిన లవణాలను అక్కడ వదిలేసి పోతాయి. వేళ్ళ మధ్య నలిపితే కరకరమంటుంది, నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. బూజు అలా కరగదు. గోడ మీద ఉప్పు కనిపించిందంటే లోపల మూడో తడి నడుస్తోందని అర్థం. అలాంటి గోడకు యాంటీఫంగల్ పెయింటు వేయడం డబ్బు పారబోసుకోవడమే.

ఇంకొకటి, వాసన. అతిథులకని కట్టి, వాడకుండా వదిలేసిన బాత్రూం తలుపు తీయగానే గుప్పుమనే కంపు చాలాసార్లు బూజుది కాదు. నేలలోని నహానీ ట్రాప్‌లో నిలవ ఉండాల్సిన నీళ్ళు ఎండిపోయి, డ్రైనేజీ గాలి నేరుగా గదిలోకి వస్తోందన్నమాట. వారానికోసారి ఒక మగ్గు నీళ్ళు పోస్తే సరి.

టైల్స్ సందుల్లోని నలుపు మాత్రం నిఖార్సైన బూజే. ఎక్కువగా క్లాడోస్పోరియం, ఆరియోబేసిడియం వంటి సాధారణ రకాలు. ‘విషపు నల్లబూజు’ అని ప్రపంచమంతా భయపడేది స్టాకీబోట్రిస్ అనే మరో రకం. దానికి కాగితం, చెక్క లాంటి సెల్యులోజ్ తిండి, చాలాకాలం ఎడతెగని తడి కావాలి. సిమెంటు గోడ కంటే కాగితం అతికించిన జిప్సం బోర్డు దానికి ఇష్టం. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1993-94లో కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగితే మొదట దీన్నే అనుమానించారు. ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2000లో ఆ అధ్యయనాన్ని తిరగదోడి, సంబంధం రుజువు కాలేదని చెప్పింది. అయినా భయం మాత్రం మిగిలిపోయింది. మన దగ్గర 2021లో కోవిడ్ తర్వాత ‘బ్లాక్ ఫంగస్’ వచ్చినప్పుడు బాత్రూం గోడల్ని చూసి వణికినవాళ్ళు ఉన్నారు. అది మ్యూకర్‌మైకోసిస్, వేరే జాతి శిలీంధ్రాలతో వచ్చే జబ్బు. ఆ పేరులోని నలుపు చచ్చిపోయిన కండ రంగు వల్ల వచ్చింది, శిలీంధ్రం రంగు వల్ల కాదు. అదుపు తప్పిన మధుమేహం, స్టెరాయిడ్లు దానికి దారి తీశాయి తప్ప బాత్రూం టైల్స్ కాదు.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ వడగట్టాయి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తాయన్నది రెండూ ఒప్పుకున్న మాట. ఎంత బూజుంటే ప్రమాదమో చెప్పే గీత ఏదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గీయలేకపోయింది. కాబట్టి కనబడితే తీసేయాలి, తడిని ఆపాలి, అంతే. ఇంటి గాలి పట్టి, ల్యాబుకు పంపి, ఏ జాతి బూజో తేల్చుకోవడానికి వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు. ఏ జాతిదైనా చేయాల్సిన పని ఒకటే. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బాబు చనిపోయాడు. ఫ్లాటులోని బూజును చాలాకాలం పీల్చడం వల్లే శ్వాస జబ్బు వచ్చిందని 2022లో మరణ విచారణాధికారి తేల్చారు. బూజు గురించి ఆ తండ్రి ఫిర్యాదు చేస్తే పైన పెయింటు వేసుకోమన్నారట. ఆ బిడ్డ పేరు మీదే అక్కడ చట్టం వచ్చింది, సోషల్ హౌసింగ్ అద్దె ఇళ్ళను నడిపే సంస్థలు బూజును గడువులోగా బాగుచేసి తీరాలని.

పెరట్లోంచి పడకగదిలోకి

మన పాత ఇళ్ళలో ఈ బాధ పెద్దగా లేదు. స్నానాలగది పెరట్లో ఉండేది. పైకప్పు సగమో మొత్తమో ఉండేది కాదు. నీళ్ళు తూములోంచి అరటిపాదుకో కొబ్బరిచెట్టుకో పోయేవి. మధ్యాహ్నానికి ఎండ నేరుగా గచ్చు మీద పడి కాల్చేసేది. గోడకు ఏడాదికోసారి సున్నం కొట్టేవారు. సున్నానికి క్షారగుణం ఎక్కువ, దాని మీద బూజు నిలవలేదు. కొత్త సిమెంటుకూ ఆ గుణం ఉంటుంది కానీ, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ కొన్నేళ్ళలో పోగొట్టుకుంటుంది. పాతకాలాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి వానలో లాంతరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాల్సిన ఆడవాళ్ళను అడిగితే ఆ వైభవమేమిటో వాళ్ళే చెప్తారు. కాకపోతే, బాత్రూంను ఇంటి నడుమకు, పడకగది పక్కకు తెచ్చుకున్నప్పుడు ఎండా గాలీ చేసే పనిని ఇంకెవరికి అప్పజెప్పాలో ఆలోచించలేదు.

అపార్టుమెంటులో ఆ పని డక్టుకు అప్పజెప్పారు. నాలుగు ఫ్లాట్ల బాత్రూం కిటికీలు తెరుచుకునే సన్నటి నిలువు సందు అది. పైపులన్నీ అందులోంచే వెళ్తాయి. ఎక్కడో ఒక పైపు కారుతూనే ఉంటుంది. పావురాలు గూళ్ళు పెడుతున్నాయని ఒకాయన వల కొట్టిస్తాడు, దోమలని ఇంకొకాయన మెష్ బిగిస్తాడు, మాటలు వినబడుతున్నాయని మరొకరు అక్రిలిక్ షీటు వేయించేస్తారు. మొత్తం మీద ఏ కిటికీ నుంచీ గాలి ఆడదు. గాలి కోసం వదిలిన సందు తడిని నిలవ చేసే గొట్టమై కూర్చుంటుంది.

ఫ్యాన్ ఎంత లాగుతుంది?

ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీద మనవాళ్ళకున్న నమ్మకాన్ని ఒకసారి లెక్కలో పెట్టి చూద్దాం. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు ఉన్న బాత్రూం అనుకుందాం. గదిలో 360 ఘనపుటడుగుల గాలి, అంటే సుమారు 10 ఘనపు మీటర్లు. అమెరికాలో ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం ప్రమాణం బాత్రూం ఫ్యాన్ నిమిషానికి కనీసం 50 ఘనపుటడుగుల గాలి లాగాలంటుంది. ఆ లెక్కన ఏడు నిమిషాల్లో గది గాలంతా ఒకసారి మారుతుంది. వినడానికి బాగానే ఉంది.

కానీ బయటికి పోయిన గాలి స్థానంలో వచ్చేదేమిటి? 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టి ఉంచగలిగే నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు. వేణ్ణీళ్ళ స్నానం తర్వాత గది గాలి ఆ హద్దు దగ్గరే ఉంటుంది. హైదరాబాదులో జనవరి మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండ, 40 శాతం తేమ ఉందనుకుంటే బయటి గాలిలో ఉండేది సుమారు 11 గ్రాములు. అంటే ప్రతి ఘనపు మీటరు గాలి మార్పిడికీ 19 గ్రాముల నీరు బయటికి పోతుంది. అదే విశాఖపట్నంలో శ్రావణమాసం, 30 డిగ్రీలు, 80 శాతం తేమ. బయటి గాలిలోనే 24 గ్రాములున్నాయి. నికరంగా పోయేది ఆరే. ఫ్యాన్ అదే, కరెంటు బిల్లూ అదే, పని మాత్రం మూడోవంతు.

ఇప్పుడు నేల సంగతి. స్నానం అయ్యాక తూములోకి పోగా మిగిలి, నేలంతా పరుచుకున్న నీటి పొర అరమిల్లీమీటరే అనుకుందాం. 40 చదరపుటడుగుల నేలకు అది దాదాపు రెండు లీటర్లు. ఆ ఫ్యాన్ గంటకు 85 ఘనపు మీటర్ల గాలి లాగుతుంది కాబట్టి, విశాఖలో ఆ నీళ్ళను ఆవిరిగా బయటికి పంపడానికి మూడున్నర గంటలకు పైనే పడుతుంది. అదీ గది గాలి ఆసాంతం ఆవిరితో నిండి ఉంటుందనుకున్న ఉదారమైన లెక్క, నిజానికి ఇంకా ఎక్కువే. ఈలోపు ఇంట్లో ఇంకొకరి స్నానం వంతు వస్తుంది. రబ్బరు వైపర్ పట్టుకుని నేలనూ, నడుము ఎత్తు దాకా టైల్స్‌నూ ఒకసారి లాగితే ఆ రెండు లీటర్లలో చాలా భాగం ఒక్క నిమిషంలో తూములోకి పోతుంది. బూజు నివారణలో ఖర్చుకు ఫలితం చూస్తే వైపర్‌ను మించిన సాధనం లేదని నా అభిప్రాయం. చివర స్నానం చేసినవాళ్ళు వైపర్ వేయాలన్న నియమం పెట్టుకున్న ఇంట్లో సగం గొడవ తీరిపోతుంది. మిగతా సగం గొడవ, ఆ చివరివాళ్ళు ఎవరన్నది.

ఫ్యాన్ వద్దని కాదు. ఉక్కపోతలో కూడా కదిలే గాలి గోడ మీది పొరను ఆరబెడుతుంది. కాకపోతే రెండు షరతులు. బయటికి లాగే గాలికి బదులు లోపలికి గాలి రావాలి, తలుపు కింద వేలెడు సందైనా లేకపోతే ఫ్యాన్ చప్పుడు చేస్తుందే తప్ప గాలి లాగదు. స్నానం అయ్యాక కనీసం 20 నిమిషాలు తిరగాలి. లైటు స్విచ్చుతో పాటే ఆగిపోయేలా ఫ్యాన్‌కు కనెక్షన్ ఇచ్చే పద్ధతి అందుకే దండగ. టైమర్ స్విచ్ పెద్ద ఖరీదేమీ కాదు. తడి ఆరేదాకా తలుపు తీసి ఉంచడం కూడా మంచిదే. వాస్తు పేరుతో బాత్రూం తలుపు ఎప్పుడూ మూసి ఉంచే ఇళ్ళలో వెంటిలేటర్ అయినా పూర్తిగా తెరిచి ఉండాలి.

డబ్బాల్లో అమ్మే తేమ పీల్చే ఉప్పురాళ్ళు, గిన్నెలో పోసి పెట్టే కళ్ళుప్పు, మూలల్లో కలరా ఉండలు, ఇవన్నీ చిట్కాల జాబితాల్లో తరచూ కనిపిస్తాయి. ఉప్పురాళ్ళు మూసిన అలమరాలో కొంత పనిచేస్తాయి. రోజూ రెండు లీటర్లు తడిసే గదిలో వాటి లెక్క ఎంత? మామూలు ఉప్పు గాలి తేమ 75 శాతం దాటితే గానీ నీరు లాగదు. కలరా ఉండ వాసనను కప్పేస్తుందంతే. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు దానిలోని నాఫ్తలీన్ రక్తకణాలను విరగ్గొట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లో పసివాళ్ళుంటే అసలు వద్దు.

ఏసీ తెచ్చిన కొత్త తడి

కోస్తాలో ఈమధ్య కొత్త ఫిర్యాదు ఒకటి. పడకగదిలో ఏసీ వేసుకుని పడుకుంటే, తెల్లారేసరికి పక్కనున్న బాత్రూం గోడకు చెమట పట్టి ఉంటుంది. పైపు లీకేమోనని గోడ పగలగొట్టించినవాళ్ళూ ఉన్నారు. జరిగేది ఇది. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల చల్లదనం తగలగానే నీళ్ళు వదిలేస్తుంది. ఏసీ 18 మీద పెడితే మధ్యనున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండోవైపు కూడా ఆ 26 డిగ్రీల కంటే చల్లబడవచ్చు. చల్లటి మజ్జిగ గ్లాసు బయట నీళ్ళు పట్టినట్టు, గోడకు బాత్రూం వైపు నీళ్ళు పడతాయి. అప్పుడు కిటికీ తెరిచినా, ఎగ్జాస్ట్ వేసినా ఇంకా తేమగాలిని పిలిచినట్టే. మందు ఏసీ రిమోట్‌లోనే ఉంది. బీఈఈ స్టార్ గుర్తున్న ఏసీలన్నీ 2020 జనవరి నుంచి 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా వస్తున్నాయి. కరెంటు ఆదా కోసం పెట్టిన ఆ నియమం గోడకూ మంచిదే. కోస్తాలో 26 పెట్టుకుని ఫ్యాన్ వేసుకుంటే ఇంకా మేలు.

లీకా, చెమటా అని తేల్చుకోవడానికి గోడ పగలగొట్టక్కర్లేదు. జానెడు పాలిథీన్ కాగితాన్ని తడిగా ఉన్న గోడ మీద, ముందు గుడ్డతో తుడిచి, నాలుగువైపులా టేపుతో అతికించి రెండు రోజులు వదిలేయాలి. తీసి చూస్తే కాగితం పైవైపు తడిగా ఉండి, కింద గోడ పొడిగా ఉంటే అది గాలిలోంచి వచ్చిన తేమ. కాగితం వెనక నీటి బొట్లు పట్టి గోడ ముదురు రంగుకు తిరిగితే చెమ్మ గోడలోంచి వస్తోంది. రెండువైపులా తడి ఉంటే రెండు బాధలూ ఉన్నాయన్నమాట, అలాంటి ఇళ్ళూ తక్కువేం కాదు.

గోడలోని తడి

మూడో తడి దగ్గరికి వచ్చాం. దీని జాడ తరచుగా బాత్రూంలో కనబడదు, గోడకు అవతల కనబడుతుంది. పడకగదిలో బాత్రూం గోడకు ఆనించి వార్డ్‌రోబ్ కట్టించడం మనకు పరిపాటి. వార్డ్‌రోబ్ వెనక ప్లైవుడ్ గోడకు అతుక్కుని ఉంటుంది, మధ్యలో గాలి ఆడదు. దసరాకి కట్టుకుందామని అడుగు అరలోంచి పట్టుచీర తీస్తే మడతల దగ్గర పసుపు నలుపు కలిసిన చుక్కలు, తోలు బెల్టు మీద బూడిద రంగు నూగు, ముక్కిపోయిన వాసన. ఆ అర వెనక పలక మీద వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. కలరా ఉండలు ఇంకో నాలుగు వేసి తలుపు మూయడం కాదు చేయాల్సింది. గోడ అవతల షవర్ మిక్సర్ ఎంత ఎత్తులో ఉందో కొలుచుకోవాలి. చాలాసార్లు లెక్క సరిపోతుంది.

నీళ్ళు గోడలోకి ఎలా వెళ్తున్నాయి? టైల్స్ వేశాం కదా, ఇంకేం భయం అనుకుంటారు చాలామంది. నీళ్ళను ఆపేది టైల్ కాదు, టైల్ కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పొర. టైల్స్ మధ్య నింపే సిమెంటు గ్రౌట్ నీళ్ళు పీలుస్తుంది. మన మేస్త్రీలు చాలామంది స్పేసర్లు పెట్టకుండా టైల్‌కు టైల్ ఆనించి, సందులో తెల్ల సిమెంటు పూసి వదిలేస్తారు. అది ఎండాక కుంచించుకుపోయి, వెంట్రుకవాసి చీలికలు పడుతుంది. ఆ చీలికల్లోంచి రోజూ స్నానానికోసారి నీళ్ళు దిగుతుంటాయి. రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి ఎపాక్సీ గ్రౌట్ నింపితే నీరు పీల్చదు, బూజుకు చోటూ దొరకదు. ఖర్చు ఎక్కువే, పట్టించేవాడికి పనితనమూ ఉండాలి. కనీసం షవర్ కింద, నేలకీ గోడకీ కలిసే మూలల్లో అయినా పెట్టించుకోవాలి.

ఇక వాటం. నేలకు తూము వైపు మీటరుకు 10 నుంచి 15 మిల్లీమీటర్ల వాటం లేకపోతే ఎంత మంచి టైల్ వేసినా నీళ్ళు మూలల్లో నిలుస్తాయి. పని పూర్తయ్యాక మేస్త్రీ ముందే ఒక బకెట్ నీళ్ళు గుమ్మరించి చూడాలి. ఐదు నిమిషాల తర్వాత ఎక్కడ మడుగు మిగిలితే అక్కడ రేపు నల్లబడుతుంది. మేస్త్రీ ‘సెట్ అయిపోతుంది సార్’ అంటాడు. నేల దానంతటదే వాటం మార్చుకోదు.

అపార్టుమెంట్లలో అసలు కథ నేల కింద ఉంటుంది. పైపులు పోవడానికి బాత్రూం స్లాబును అడుగో అడుగున్నరో కిందికి దింపి, ఆ గుంటను ఇటుక ముక్కలతో నింపి పైన గచ్చు చేస్తారు. ట్రాప్ దగ్గర జాయింటు కొంచెం వదులైనా చాలు, నీళ్ళు ఆ గుంటలో చేరి చిన్న తొట్టిలా నిలుస్తాయి. పైవాళ్ళకు ఏమీ తెలియదు. కిందవాళ్ళ బాత్రూం సీలింగు పెచ్చులూడి, ఇనుము తుప్పు మరక తేలేదాకా ఎవరూ పట్టించుకోరు. ఆ సీలింగు కనబడకుండా పీవీసీ ఫాల్స్ సీలింగు కొట్టించడం కిందవాళ్ళు చేసే పొరపాటు. అది చెమ్మను ఆపదు, చెమ్మ కనబడకుండా చేస్తుందంతే. జిప్సం, పీవోపీ సీలింగులైతే మరీ దారుణం, అవి తడిని స్పాంజిలా పీల్చి బూజును పెంచుతాయి.

పైవాళ్ళతో గొడవకు దిగే ముందు ఒక పరీక్ష చేయించాలి. పై బాత్రూం తూముకు బిరడా బిగించి, గుమ్మం దాటకుండా ఒకటి రెండంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిలుతో మట్టం గీత గీసి రెండు రోజులు వదిలేయాలి. మట్టం ఆవిరికి మించి తగ్గినా, కింద మచ్చ తడిసినా లీకు నేలలో ఉంది. ఏ మార్పూ లేకపోతే నేల మంచిదే, నీళ్ళ పైపుల్నీ డ్రైన్ పైపునూ విడివిడిగా చూడాలి. నీళ్ళ పైపుకైతే రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు రీడింగు రాసుకుని, తెల్లవారి మళ్ళీ చూస్తే చాలు.

కడగడం, కడిగి చెడగొట్టుకోవడం

ఉన్న బూజును తీయడానికి మొదటి మందు సబ్బునీళ్ళు, గట్టి బ్రష్షు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెస్తుంది కాబట్టి చంపడం కంటే తీసేయడం ముఖ్యం. టైల్స్, గాజు లాంటి గట్టి వాటి మీద మరక మిగిలితే అప్పుడు బ్లీచ్. అమెరికా సీడీసీ హద్దు, గాలన్ నీళ్ళకు, అంటే సుమారు 3.8 లీటర్లకు, ఒక కప్పుకు మించకూడదని. తడిసి ఉబ్బిన చెక్కకు, లప్పం పెట్టిన గోడకు బ్లీచ్ పెద్దగా పనిచేయదు. పైన తెల్లబడుతుంది, వేళ్ళు లోపల మిగులుతాయి. అక్కడ చెడిన లప్పాన్ని గీకి తీసేయాల్సిందే. సిలికాన్ పట్టీ లోపలికంటా నల్లబడితే కోసి కొత్తది వేయడం తప్ప దారి లేదు. నలుపు మూడడుగుల చదరం కంటే ఎక్కువగా పరుచుకుంటే ఆ పని పనివాళ్ళకు వదిలేయడం మంచిదని ఈపీఏ సలహా. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళ చేత మాత్రం ఎంత చిన్న మచ్చయినా రుద్దించకూడదు.

మన దగ్గర అసలు ప్రమాదం యాసిడ్ సీసా. బాత్రూంలు కడగడానికి వీధిలో అమ్మే యాసిడ్ చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం. టాయిలెట్ క్లీనర్లలోనూ ఎక్కువగా అదే ఉంటుంది. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తోనో బ్లీచ్ ద్రవంతోనో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని ఐదడుగుల గదిలో, తలుపు మూసుకుని, వంగి రుద్దుతున్న మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. రెండూ కలిస్తే బాగా తెల్లబడుతుందనే మాట పనిమనుషుల నుంచి యజమానుల దాకా అందరి నోటా ఉంది. అందుకే ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఆ ప్రమాదం తప్పినా యాసిడ్ ఇంటిని తినేస్తుంది. తాండూరు, షాబాదు, బేతంచెర్ల, కడప రాళ్ళు అన్నీ సున్నపురాయి జాతివే. యాసిడ్ పడగానే బుసబుస పొంగి, నున్నటి పైపొర పోయి గరుకు తేలుతుంది. సిమెంటు గ్రౌట్ కూడా అంతే. ఆ గరుకులో సబ్బు జిడ్డు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, బూజు ఇంకా తొందరగా వస్తుంది, మళ్ళీ యాసిడ్ తెస్తారు. సహజమైనదని చెప్పే వెనిగరూ నిమ్మరసమూ ఆ రాళ్ళకు మెల్లగా అదే పని చేస్తాయి.

అమెరికా తెలుగిళ్ళ లెక్క వేరు

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న మనవాళ్ళకు పైన చెప్పినవాటిలో సగం తిరగేసి చెప్పాలి. అక్కడ గోడ ఇటుక కాదు, చెక్క చట్రం మీద కాగితం అతికించిన జిప్సం బోర్డు. న్యూజెర్సీ చలికాలంలో బయటి గాలి పొడిగా ఉంటుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అద్భుతంగా పనిచేస్తుంది. అయితే ఆ ఫ్యాన్ గొట్టం ఇంటి బయటికి వెళ్తోందా, అటకలోనే వదిలేశారా అని చూడాలి. అటకలో వదిలితే చలికి ఆవిరంతా చెక్క మీద నీళ్ళయి అక్కడ బూజు పడుతుంది. ఇంకో ముఖ్యమైన తేడా, అక్కడి బాత్రూం నేలకు చాలా ఇళ్ళలో తూము ఉండదు. టబ్బు బయట నేల పొడిగా ఉంటుందని నమ్మి కట్టిన ఇల్లది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు అలవాటు కొద్దీ మగ్గుతో నీళ్ళు వాడినప్పుడు, పదిసార్లు నేల మీద పడిన నీళ్ళు టాయిలెట్ చుట్టూ సందుల్లోంచి కింది చెక్కలోకి దిగుతాయి. కొన్నాళ్ళకు నేల అడుగు పెడితే మెత్తగా ఊగుతుంది. పెద్దవాళ్ళ అలవాటు మార్చే ప్రయత్నం కంటే గోడకు బిగించే చేతి షవర్ పెట్టించి, నేల అంచుల్లో సిలికాన్ వేయించడం సులువు.

కొత్త ఇల్లయితే

కట్టేటప్పుడే చూసుకుంటే ఇదంతా తక్కువ ఖర్చులో అయ్యే పని. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ పొరను షవర్ వైపు గోడ మీద ఆరడుగుల ఎత్తు దాకా, మిగతా గోడల మీద కనీసం అడుగు దాకా తీసుకెళ్ళాలి. పైన చెప్పిన నీళ్ళ పరీక్ష ఆ దశలోనే చేయాలి, టైల్స్ వేశాక కాదు. షవర్‌కు గాజు పలక అడ్డు పెట్టుకుంటే తడిసే నేల సగానికి తగ్గుతుంది. వార్డ్‌రోబ్‌ను బాత్రూం గోడకు కాకుండా వేరే గోడకు మార్చడం నక్షా దశలో పైసా ఖర్చు లేని పని.

బిల్డర్ దగ్గర కొన్న ఫ్లాటు అయితే ఇంకో ఆయుధం ఉంది. 2016 నాటి స్థిరాస్తి చట్టం రెరా 14వ సెక్షను ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడి దాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాల్సిన బాధ్యత బిల్డర్‌దే. చేయకపోతే పరిహారం కోరవచ్చు. బాత్రూం చెమ్మకు ఈ నియమాన్ని వాడుకోవచ్చని కొన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. ఫోనులో చెప్పి, సూపర్‌వైజర్ వచ్చి తెల్ల సిమెంటు పూసి వెళ్తే సరిపెట్టుకుంటారు. ఆరో ఏడు మళ్ళీ కారినప్పుడు చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. మొదటిసారి మచ్చ కనబడినప్పుడే ఫొటో తీసి, నీళ్ళ పరీక్ష చేసిన తేదీలతో సహా ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో రాసి పంపాలి. అసోసియేషన్‌కు కూడా ఒక కాపీ పెట్టాలి. లీకు ఉమ్మడి డ్రైన్ పైపులో ఉందని తేలితే బాగుచేయించాల్సింది వాళ్ళే కాబట్టి.